కుకీ అను ఆనవాలు

కాళిదాసు శాకుంతలమున ఉంగరము లేనిదే కథ లేదు. మహాభారతమందలి శకుంతలకు ఉంగరమును లేదు, దూర్వాసుని శాపమును లేదు. నిండు కొలువులో దుష్యంతుడు ఎరుగనన్నప్పుడు ఆకాశవాణి పలికి సాక్ష్యము చెప్పవలసివచ్చెను. ఆకాశవాణి ప్రతిదినము పలుకదు గనుక కాబోలు, కాళిదాసు ఆ భారమును ఒక ఉంగరముపై మోపెను. రాజు మరచును, ఉంగరము చూచినచో గుర్తు తెచ్చుకొనును, ఉంగరము పోయినచో చేపట్టిన భార్యయైనను పరాయిదే. నాటకమున ఇది శాపఫలము. ఇంటర్నెట్టులో ఇది శాపము కాదు, నిత్యనియమము.

వెబ్‌సైటును నడపు యంత్రము సర్వరు; చూచువాని చేతిలోనిది బ్రౌజరు. బ్రౌజరు ఒక పుట కావలెనని అడుగును, సర్వరు ఇచ్చును, అంతటితో ఆ ఇద్దరికిని సంబంధము తీరిపోవును. మరుక్షణమున అదే బ్రౌజరు రెండవ పుట అడిగినచో సర్వరు దృష్టిలో వచ్చినవాడు కొత్తవాడే. పేరు చెప్పి, పాస్‌వర్డు ఇచ్చి లోనికి వచ్చినవాడు రెండవ గదిలో అడుగిడగానే 'నీవెవ్వరు?' అని మరల అడిగించుకొనవలసినదే. ఈ మరపును దాటుటకు బ్రౌజరు వ్రేలికి తొడిగిన ఉంగరమునకే కుకీ అని పేరు.

ఈ కుకీని గురించి నేడు వినవచ్చు మాటలు రెండు తీరులుగా నున్నవి. పత్రికలు చదువువారిలో పలువురు దానిని గూఢచారి యని భయపడుదురు. వెబ్‌సైట్లు కట్టువారిలో పలువురు దానిని చిన్న పనిముట్టుగా నెంచి, దానిలో ఏమి పెట్టుచున్నారో, దానిని చూపినవానికి ఏమి అప్పగించుచున్నారో ఆలోచింపరు. మొదటివారి భయము కొంత నిజమే. రెండవవారి అజాగ్రత్త మాత్రము అంతకంటె ఎక్కువ హాని. కుకీ మనిషిని ఎరుగదు, బ్రౌజరును మాత్రమే ఎరుగును. ఈ ఒక్క సంగతి మరచి కట్టిన వెబ్‌సైట్లవలన ఎక్కువగా నష్టపోవువారు సొంత కంప్యూటరు లేనివారు. తెలుగు జిల్లాల పట్టణములలో నెట్ సెంటరు బెంచీపై కూర్చుండి దరఖాస్తులు నింపించుకొను విద్యార్థులును, వారి తల్లిదండ్రులును.

సర్వరు మరపు మొదట లోపము కాదు. 1990 ప్రాంతమున జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్ లీ ఈ పద్ధతిని కల్పించినప్పుడు, శాస్త్రజ్ఞుల పత్రములు ఒకచోటినుండి మరొకచోటికి సులువుగా చేరవలెనన్నదే ఆయన కోరిక. పత్రము అడిగినవాడెవడో, నిన్న ఏమి చదివెనో సర్వరునకెందుకు? మరచిపోవు సర్వరు తేలికగా నుండును. వేలమంది వచ్చినను ఎవరి లెక్కయు దాచనక్కరలేదు. మధ్యలో ఆగి మరల లేచినను ఎవరి సొమ్మును పోదు. చదువరికిని అందులో కొంత స్వేచ్ఛ కలదు. వచ్చినవానిని ఎరుగని ఇంటిలో వాని వెనుక గుసగుసలు పుట్టవు. చిక్కంతయు ఆ గ్రంథాలయములో అంగడి తెరచిన తరువాత వచ్చినది.

1994లో అమెరికాలో నెట్‌స్కేప్ అను కొత్త సంస్థ బ్రౌజరును తయారుచేయుచుండెను. ఒక పెద్ద కంపెనీ తమకు ఇంటర్నెట్టులో అంగడి కావలెనని అడిగెను. కాని కొనువాడు బుట్టలో ఏమేమి వేసికొనెనో ఆ సగము బేరపు వివరములను తమ సర్వరులలో దాచుకొనుటకు ఆ కంపెనీ ఇష్టపడలేదు. నెట్‌స్కేప్‌లో పనిచేయుచున్న లూ మాంటుల్లి అను యువకుడు ఉపాయము చెప్పెను: సర్వరు ఒక చిన్న చీటీ వ్రాసి బ్రౌజరు చేతికిచ్చును, బ్రౌజరు ఆ ఇంటికి తిరిగి వచ్చినప్పుడెల్ల ఆ చీటీని తానే చూపును. జాన్ జియానాండ్రియాతో కలసి ఆయన దానికి మొదటి నియమములు వ్రాసెను. ఒక ప్రోగ్రాము మరొకదానికి లోపలి అర్థము చెప్పకుండ అందించు గుర్తును యూనిక్స్ ప్రోగ్రామర్లు అప్పటికే 'మాజిక్ కుకీ' అనుచుండిరి. ఆ పేరే దీనికి అంటెను. ముందుగా దానిని వాడినది అంగడిలో కాదు, నెట్‌స్కేప్ సొంత సైటునకు వచ్చినవారు పూర్వము వచ్చినవారా కారా అని తెలిసికొనుటకు. 1995లో పేటెంటు కోరిరి, 1998లో లభించెను.

కుకీ అనగా ఇంగ్లీషులో తినెడి బిస్కెట్టు. ప్రతి పదమును తెనిగించవలెనని ఉబలాటపడువారు దీనిని అప్పచ్చి అనవలసివచ్చును. పసిపిల్లల నోటిలోని అంత చక్కని మాటను సర్వరుల పాలు చేయుటకు ఎవరికి మనసొప్పును? చేయు పనిని బట్టి చూచినచో 'ఆనవాలు' సరియైన మాట. ఐనను జనులు కుకీ అనియే అనుచున్నారు గనుక దానిని అట్లే ఉండనిచ్చుట మేలు. సెషన్ అను మాట తెలుగువారికి మరీ కొత్తది కాదు. సెషన్స్ కోర్టు మెట్లెక్కినవారు ఎరుగుదురు. ఇక్కడ సెషన్ అనగా ఒకడు లోనికి వచ్చినది మొదలు వెళ్ళిపోవువరకు వానిని గురించి సర్వరు గుర్తుంచుకొనవలసిన సంగతుల మొత్తము.

వెబ్‌సైటు అనునది ఒక్క ప్రోగ్రాము కాదు. లోనికి రానిచ్చునది ఒక స్క్రిప్టు, దరఖాస్తు చూపునది ఒకటి, ఫొటో తీసికొనునది ఒకటి, రుసుము కట్టించునది ఒకటి, రసీదు ఇచ్చునది మరొకటి. పిలిచినప్పుడు లేచి, పని ముగియగానే రాలిపోవు ఉసిళ్ళవంటివి ఇవి. ఒకదానికి తెలిసినది మరొకదానికి తెలియదు. పాత తాలూకా కచేరీలో ఒక గుమాస్తా చూచిన సంగతి ప్రక్క గుమాస్తాకు తెలియవలెనన్నచో కాగితముల కట్ట అక్కడికి పోవలెను. ఆ కట్టను అర్జీదారు చేతికిచ్చి బల్లబల్లకు త్రిప్పుట ఒక పద్ధతి. కట్టను కచేరీ బీరువాలోనే ఉంచి, అర్జీదారు చేతికి నంబరు బిళ్ళ మాత్రము ఇచ్చుట రెండవ పద్ధతి. కుకీలో బిళ్ళ నంబరు, సర్వరులో కట్ట: సెషన్ అని సాధారణముగా వ్యవహరించునది ఈ రెండవ పద్ధతినే.

రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో లోకమునకిచ్చిన పీహెచ్‌పీ భాషలో, 2000లో వచ్చిన నాలుగవ రూపమునుండి ఈ ఏర్పాటు భాషతోనే వచ్చుచున్నది. స్క్రిప్టు మొదలు కాగానే సెషన్ తెరువుమని అడుగును. వచ్చిన కుకీలో బిళ్ళ నంబరున్నచో, ఆ నంబరు పేరుతో సర్వరులో నున్న ఫైలు తెరచి లోపలి వివరములు అందించును. లేనిచో ఊహకందని పొడవైన కొత్త నంబరు పుట్టించి, కొత్త ఫైలు పెట్టి, బిళ్ళను బ్రౌజరునకు పంపును. కొత్తగా నేర్చువారు తరచు పొరపడునది ఇక్కడనే. బిళ్ళ పుట లోపల పోదు. పుటకు ముందు నడచు శీర్షభాగములో పోవును. పోస్టు చేసిన ఉత్తరము కవరుపై చిరునామా దిద్దుటకు వీలులేనట్లు, స్క్రిప్టునుండి ఒక్క అక్షరము, తుదకు ఒక ఖాళీ జాగాయైనను ముందుగా బయటికి పోయినచో ఆ తరువాత బిళ్ళ పంపుటకు సాధారణముగా వీలుండదు. ఇట్టి ఒక్క ఖాళీ జాగా కొరకు రాత్రులు వెదకిన ప్రోగ్రామర్లు ఎందరో కలరు.

స్క్రిప్టులన్నియు ఒకే భాషవైనచో పని సులువు. కరణము గొలుసుకట్టున వ్రాసిన లెక్క కొత్త గుమాస్తాకు కొరుకుడుపడనట్లే, పీహెచ్‌పీ తన ధోరణిలో మడిచి దాచిన వివరములను పైథాన్‌లోనో జావాలోనో వ్రాసిన స్క్రిప్టు తిన్నగా చదువలేదు. బిళ్ళ నంబరు అందినను కట్ట విప్పుట రాదు. అప్పుడు ఉభయులకును చదువవచ్చిన రూపములో, ఉభయులకును అందు డేటాబేసులో ఆ వివరముల నుంచవలెను. సర్వరులు అనేకములైనప్పుడును ఇంతే. మొదటి సర్వరు తన బీరువాలో పెట్టినది రెండవదానికి కానరాదు గనుక అన్నిటికిని ఉమ్మడి కొట్టు ఒకటి కావలెను.

ఇండ్లు వేరైనచో మరొక చిక్కు. ఒకే విశ్వవిద్యాలయము పేరు క్రింద ప్రవేశములకు ఒక ఉపసైటు, పరీక్షలకు ఒకటి, గ్రంథాలయమునకు ఒకటి ఉన్నవనుకొందురుగాక. కుకీపై మూలపు పేరు వ్రాసి పంపినచో మూడిండ్లకును ఆ బిళ్ళ చేరును. విద్యార్థి ఒకచోట పాస్‌వర్డు ఇచ్చిన చాలును. సౌకర్యమే. కాని గ్రంథాలయపు సైటులోని చిన్న కంతనుండి పరీక్షల సైటులోని మార్కులవరకు దొంగ నడచిపోవుటకును అదే దారి. ఉమ్మడి ఇంటిలో ఒక వాకిలి తెరచియున్నచో ఇల్లంతయు తెరచియున్నట్లే. కలపవలసిన నిజమైన అవసరము లేనిచోట మూలపు పేరు వ్రాయకుండుటయే వివేకము.

సర్వరులోని ఆ ఫైలునకు ఆయుష్షెంత? పీహెచ్‌పీలో వేరుగా చెప్పనిచో 1440 సెకండ్లు, అనగా 24 నిమిషములు. అంతసేపు ఎవరును ముట్టనిచో అది చెత్త క్రింద లెక్క. ఊడ్చువాడు వచ్చినప్పుడు ఊడ్చుకొనిపోవును. పంచాంగము చూచు అలవాటున్నవారు ఈ సంఖ్య చూచి నవ్వుకొందురు. అది సరిగా ఒక ఘడియ. నిర్ణయించినవారికి ఘడియ మాట తెలియునో తెలియదో గాని, ఘడియ ఘడియకు మరచు సర్వరు తెలుగు కవులకు దొరకియున్నచో ఒక చాటువైనను పుట్టియుండెడిది. నవ్వు అటుండ, బెంచీపై కూర్చున్న విద్యార్థికి ఘడియ చాలదు. ఆదాయ ధ్రువపత్రము నంబరు కొరకు ఇంటికి ఫోను చేసి, తమ్ముడు ఇనుపపెట్టె వెదకి చెప్పునప్పటికి ఘడియ దాటును. తిరిగి బటన్ నొక్కగానే 'మీ సెషన్ ముగిసినది' అను పలుకు. నింపిన మూడు పుటలును గాలికి పోవును. తప్పు ఘడియది కాదు. నింపిన పుటను డేటాబేసులో చిత్తుప్రతిగా భద్రపరచక సెషన్‌లోనే ఉంచుకొన్న స్క్రిప్టుది. సెషన్ బిళ్ళకు చెందినది, దరఖాస్తు మనిషికి చెందినది. బిళ్ళ ఘడియకు చెల్లిపోవచ్చును; దరఖాస్తు చెల్లిపోరాదు.

కాగితముల కట్టను అర్జీదారు చేతికే ఇచ్చి త్రిప్పు మొదటి పద్ధతిని నేటికిని మెచ్చుకొనువారు కలరు. వివరములన్నియు కుకీలోనే పెట్టినచో సర్వరునకు బరువు తగ్గునని వారి వాదము. బరువు మాటయే మొదట చూతురుగాక. ప్రతి కుకీకిని కనీసము 4096 బైట్లు బ్రౌజరు మోయవలెనని 2011 నాటి ప్రమాణపత్రము చెప్పినది. బ్రౌజర్లును దాదాపు అంతవరకే మోయుచున్నవి. ఇంగ్లీషు అక్షరము ఒక్క బైటు. యూనికోడు యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు. తెలుగు గుర్తులను కుకీలో ఉన్నవి ఉన్నట్లు పెట్టరాదు గనుక ఒక్కొక్క బైటును శాతపు గుర్తుతో కూడిన మూడక్షరములుగా మార్చుట వాడుక. 'స్త్రీ' అనునది కంటికి ఒక్క అక్షరము. యూనికోడునకు స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము, వెరసి ఆరు గుర్తులు, 18 బైట్లు. కుకీ చేరునప్పటికి 54. ఇట్టి అక్షరములు 75 పెట్టునప్పటికి కుకీ నిండును. ఇంటిపేరుతో విద్యార్థి పేరు, తండ్రి పేరు, వీధి, ఊరు, మండలము, జిల్లా తెలుగున వ్రాసినచో బిస్కెట్టు విరిగిపోవును. ఇట్టి సైట్లు ఇంగ్లీషులో పరీక్షించినప్పుడు చక్కగా నడచి, తెలుగు పేరు పడగానే తడబడును; పరీక్షించినవారికి కారణము బోధపడదు.

బరువు చిన్న సంగతి. చీటీ ఎవరి చేతిలో నున్నదో వారు దానిని దిద్దవచ్చుననునది పెద్ద సంగతి. కుకీ బ్రౌజరులో నుండును. బ్రౌజరు వినియోగించువాని సొత్తు. 'విద్యార్థి' అని యున్నచోట 'అధికారి' అని దిద్దుటకు గొప్ప విద్య అక్కరలేదు. దీనికి మందుగా సర్వరు తన రహస్యపు తాళముతో చీటీపై సంతకము చేసి పంపు పద్ధతి కలదు. దిద్దినచో సంతకము కుదరదు, దొంగతనము బయటపడును. మంచిదే. ఐనను సంతకము దిద్దుటను పట్టునే గాని చదువుటను ఆపదు. అంతకంటె ముఖ్యము, ఒకసారి ఇచ్చిన చీటీని వెనుకకు రప్పించుట కష్టము. దానిపై వ్రాసిన గడువు తీరువరకు అది చెల్లుచునే యుండును. బిళ్ళ పద్ధతిలో ఈ బాధ లేదు. బీరువాలోని కట్టను తీసివేసిన చాలును; బిళ్ళ ఒట్టి రేకుముక్క యగును. రద్దు చేయుటకు వీలైన ఆనవాలే ఆనవాలు. విద్యార్థుల మార్కులు, కులధ్రువపత్రములు, ఆధార్ నంబర్లు తాకు సైట్లలో సర్వరు బరువును సాకుగా చూపి మొదటి పద్ధతి పట్టుట ఎంతమాత్రము సమర్థనీయము కాదు.

ఇక ఉంగరము పరుల చేత పడినప్పటి మాట. శచీతీర్థమున జారిన ఉంగరము చేప కడుపున చేరి బెస్తవానికి దొరకెను. అమ్మజూపిన వానిని రక్షకభటులు దొంగ యని కట్టి తెచ్చిరి. పాపము, వాడు నిర్దోషి. కాని రాజముద్ర చేతనున్నంత మాత్రమున వానిని రాజునకు కావలసినవాడని ఆ భటులు నమ్మలేదు గదా! సర్వరునకు ఆ భటుల పాటి వివేకము లేదు. ఉంగరము తెచ్చినవాడే శకుంతల యని నమ్మును. 2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ అను ప్రోగ్రామరు ఫైర్‌షీప్ అను చిన్న పనిముట్టును బయటపెట్టి ఈ సంగతిని లోకమునకు కన్నులకు కట్టించెను. తాళము లేని వైఫై ఉన్న కాఫీ హోటలులో కూర్చుండి, ప్రక్కబల్లవారి ఫేస్‌బుక్, ట్విట్టరు కుకీలను గాలిలోనే పట్టి, పాస్‌వర్డు తెలియకుండనే వారి పేరున లోనికి పోవుటకు అది దారి చూపెను. ఆ సైట్లు అప్పటికి పాస్‌వర్డును మాత్రమే మరుగుపరచి పంపి, తరువాత ప్రతి పుటతోను పోవు కుకీని బట్టబయలుగా పంపుచుండెను. పెట్టెకు తాళము వేసి తాళపుచెవిని గుమ్మమున వ్రేలాడదీసినట్లు! 2013 నాటికి ఫేస్‌బుక్ అందరికిని అన్ని పుటలను మరుగుపరచి పంపసాగెను.

నేడు కుకీపై రెండు మాటలు వ్రాసి పంపవచ్చును: మరుగుపరచిన దారిలో తప్ప పోరాదని ఒకటి, పుటలో నడచు జావాస్క్రిప్టునకు కనబడరాదని ఒకటి. రెండును ఉచితములే, రెండును తరచు మరువబడుచున్నవి. లోనికి రాకముందు ఇచ్చిన బిళ్ళ నంబరును పాస్‌వర్డు సరిచూచిన వెంటనే మార్చివేయుట మూడవ జాగ్రత్త. లేనిచో తన బిళ్ళను మరొకనికి అంటగట్టి, వాడు లోనికి పోయిన తరువాత అదే నంబరుతో దొంగ వెనుకనే ప్రవేశించును.

ఇంతవరకు ఒక ఇంటి బిళ్ళ ఆ ఇంటిలోని గదులకు పనికివచ్చు సంగతి. జనులు భయపడునది వేరొకటి. ఒక వార్తాపత్రిక సైటు తెరచినప్పుడు, అందులో ప్రకటన పెట్టిన మూడవవాడు తన బిళ్ళను బ్రౌజరునకు అంటించును. బట్టల అంగడి సైటులోను వాని ప్రకటన ఉన్నది, మందుల సైటులోను ఉన్నది. ప్రతిచోటను అదే బిళ్ళ చూచి, వీడు ఇక్కడికి వచ్చెను, అక్కడికి పోయెను అని చిట్టా వ్రాసికొనును. దీనిని గురించి పెద్దలు నాడే హెచ్చరించిరి. 1997 ఫిబ్రవరిలో వెలువడిన మొదటి ప్రమాణపత్రము ఇట్టి మూడవవారి కుకీలను బ్రౌజరు తనంత తానుగా అనుమతింపరాదని చెప్పెను. నాటి ప్రధాన బ్రౌజరు సంస్థలు రెండును, నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్, ఆ మాటను పెడచెవిని పెట్టెను. ఆ ఒక్క వాక్యమును నాడు పాటించియున్నచో తరువాతి పాతికేండ్ల రభస చాలవరకు తప్పియుండెడిది. సఫారీ 2020లో వాటిని పూర్తిగా ఆపెను. గూగుల్ తన క్రోమ్‌లో రెండేండ్లలో ఆపెదనని 2020 జనవరిలో చెప్పి, వాయిదాలు వేసి, 2024 జూలైలో ఆ సంకల్పము విడిచి, 2025 ఏప్రిల్‌లో ఉన్నది ఉన్నట్లే ఉంచెదనని ప్రకటించెను. ప్రకటనలమీద బ్రతుకు సంస్థయే బ్రౌజరును కూడ తయారుచేయునప్పుడు వేరొకటి ఆశించుట అమాయకత్వము.

ఐరోపాలో 2009లో సవరించిన నియమము అనుమతి కోరవలెననెను. ముందుగా టిక్కు పెట్టియుంచిన గడి అనుమతి కాదని 2019 అక్టోబరులో అక్కడి న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఫలితముగా పుట పుటకును అడ్డముగా ఒక పలక లేచి నిలుచుచున్నది. జనులు చదువక 'సరే' నొక్కుచున్నారు. లోనికి వచ్చినవానిని గుర్తించు సెషన్ బిళ్ళకు ఆ నియమము క్రింద అనుమతి అక్కరలేదు. అడిగిన సేవకు అది తప్పనిసరి గనుక. రెండిటిని ఒకే మూటగా కట్టి 'కుకీలు లేనిదే సైటు నడవదు' అని బెదరించుట అర్ధసత్యము. నడవనిది బిళ్ళ లేకున్నచో. చిట్టా లేకున్నను నిక్షేపముగా నడచును.

భారతదేశమున 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, అనుమతి కోరు నోటీసును ఇంగ్లీషునగాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనగాని చదువుకొను వీలు కల్పింపవలెనని చెప్పినది. తెలుగు అందొకటి. నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. సంతోషింపవలసినదే, కాని ఆ తెలుగు ఎట్లుండును? 'మీ అనుభవమును మెరుగుపరచుటకు మేము కుకీలను ఉపయోగిస్తాము' అను ధోరణిలో ఉన్నచో అది తెలుగు లిపిలోని ఇంగ్లీషే. ఎవరి అనుభవము, దేని మెరుగు అని బెంచీపై కూర్చున్న తల్లికి తెలియదు. 'మిమ్ము గుర్తుపట్టుటకు ఈ కంప్యూటరులో ఒక బిళ్ళ ఉంచుచున్నాము. మీరు లేచునప్పుడు తీసివేయించుకొనుడు' అనినచో తెలియును. చట్టము భాషను ఇచ్చినది గాని మాటను ఇవ్వలేదు. అది తెలుగు చదువుకొన్నవారు చేయవలసిన పని.

ఆ తల్లి కూర్చున్న నెట్ సెంటరు సంగతి ఈ చర్చలలో ఎన్నడును రాదు. కుకీ పుట్టిన దేశమున ఒక మనిషికి ఒక కంప్యూటరు అని తలంచిరి. ప్రవేశముల రోజులలో ఒక తెలుగు పట్టణపు నెట్ సెంటరులో ఒక్క బ్రౌజరు ముందు ప్రొద్దున్నుండి రాత్రివరకు పదులమంది కూర్చుందురు. నింపువాడు ఒక్కడే, అంగడివాడు, పేర్లు వేరు. మొదటివాని పని ముగియును, రసీదు ముద్రింతురు, వాడు డబ్బు ఇచ్చి పోవును. లాగౌట్ చేయుమని వాడును అడుగడు, వీడును చేయడు. వరుసలో తరువాతివాడు వీపు వెనుక నిలుచున్నాడు. సర్వరు లెక్కలో మొదటి విద్యార్థి ఇంకను లోపలనే యున్నాడు. రెండవ విద్యార్థి పుట తెరువగానే మొదటివాని ఫొటో, ఫోను నంబరు, చిరునామా ప్రత్యక్షము. గడువు వ్రాయని కుకీ బ్రౌజరు మూసినంతనే పోవునని పుస్తకములు చెప్పును. కాని అంగడిలో బ్రౌజరు మూయరు, మూసినను 'విడిచినచోటనే మొదలుపెట్టు' అను సదుపాయము ఆ కుకీలను మరల బ్రతికించును.

ఇంతకంటె గడ్డుది మరొకటి. రద్దీలో అంగడివాడు అక్క దరఖాస్తును ఒక ట్యాబులో, తమ్ముని దరఖాస్తును మరొక ట్యాబులో తెరచి, ఒకదాని ఫొటో ఎక్కులోపల రెండవది నింపును. ట్యాబులు రెండైనను బ్రౌజరు ఒక్కటే, బిళ్ళ ఒక్కటే. 'ప్రస్తుతపు దరఖాస్తు నంబరు' అని సెషన్‌లో ఒకే గడి పెట్టుకొన్న స్క్రిప్టు, రెండవ ట్యాబు తెరువగానే ఆ గడిలో తమ్ముని నంబరు వ్రాసికొనును. ఆ తరువాత మొదటి ట్యాబులో పంపిన అక్క మార్కులు తమ్ముని ఖాతాలో పడును. తెరపై తప్పు చూపదు, ఎవరును అరవరు. సీట్లు పంచినరోజున గాని తెలియదు. తెలిసినప్పుడు విద్యార్థిదే పొరపాటని చెప్పుదురు.

వాడువారు జాగ్రత్తపడవలెనని ప్రోగ్రామర్లు అందురు. కుకీ ఏమిటో తెలియనివాడు దేని విషయమై జాగ్రత్తపడును? నివారణ చేతిలో నున్నవారు చేయవలసినవి కొన్నియే. దరఖాస్తు నంబరు సెషన్‌లో గాక ప్రతి పుటలోను ఉండి, అది లోనున్నవానిదేనా అని సర్వరు ప్రతిసారియు సరిచూడవలెను. విద్యార్థి పేరు ప్రతి పుట తలపై పెద్ద అక్షరములతో, తెలుగున ఉండవలెను. అప్పుడు ప్రక్కన నిలుచున్న తల్లియైనను పేరు మారినదని గుర్తించును. లాగౌట్ అనగా బ్రౌజరులోని బిళ్ళను తీయుట మాత్రమే కాదు, సర్వరులోని కట్టను చింపుట. కొన్ని స్క్రిప్టులు మొదటిది చేసి రెండవది మరచును.

లాగౌట్ బటన్ నేడు సామాన్యముగా తెర కుడిమూల, పైన, చిన్న బొమ్మ వెనుక దాగియుండును. రసీదు ముద్రణ బటన్ క్రింద, మధ్యలో ఉండును. రసీదు చేతికి రాగానే విద్యార్థి లేచును. కావున రసీదు బటన్ ప్రక్కననే, అంతే పెద్దదిగా, 'పని ముగిసినది, నా వివరములు మూసివేయుము' అని తెలుగున వ్రాసిన బటన్ ఉండవలెను. అంగడివాడు దానిని నొక్కనిదే తరువాతి పేరుతో కొత్త దరఖాస్తు తెరువబడరాదు.